నెమ్మది పందెం

పిండి కలపడానికి ముందు మార్లిస్ గోళ్ళు తోముకుంటోంది. ఇసుక కలిసిన సబ్బు, బట్టల బ్రష్షు. తోమినకొద్దీ వేళ్ళు ఎర్రబడుతున్నాయి గాని గోళ్ళ సందుల్లో నలుపు కదలడం లేదు. వెనక బల్ల దగ్గర కూర్చుని, రొట్టెల పిండిలో కలపడానికి ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తున్న అత్తగారు ఆర్డిస్ అది చూస్తూనే ఉంది. ఆమె చూడకుండా పోయిందేదీ ఆ ఇంట్లో లేదు.

"లెఫ్సె రొట్టె అంటే తెల్లగా ఉండాలి. కిందటేడు నీ రొట్టెలో నల్ల గీత కనపడిందని చర్చిలో అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆడదాని చేతులేనా అవి?"

మార్లిస్ బ్రష్షుకి మళ్ళీ సబ్బు రాసింది. సింకు పైన కిటికీలోంచి పెరడు కనపడుతోంది. ఆమె మొగుడు డెల్మర్ ట్రైలర్ మీదకి ఎక్కించిన ఎర్ర ట్రాక్టర్‌కి పట్టీలు బిగించాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి, పాత గ్రీజు డబ్బాలో రెండు వేళ్ళు ముంచి, కణుపుల మీదా గోళ్ళ చుట్టూ రాసుకున్నాడు. ప్రతి ఏడూ పాత ట్రాక్టర్ల ప్రదర్శనకి బయల్దేరే ముందు రాసుకుంటాడు, పెళ్ళికి వెళ్ళేవాడు అత్తరు రాసుకున్నట్టు. ఆమెకి తెలుసని అతనికి తెలుసు. దాచుకోవడం కూడా మానేశాడు.

ఆ ట్రాక్టర్ పొలానిది కాదు. ఇంటి చుట్టూ గడ్డి కోయడానికి, కూరగాయల మడులు దున్నడానికి, చలికాలం వాకిట్లో మంచు నెట్టడానికి చేసిన చిన్న బండి. ఒకే సిలిండరు. మార్లిస్ పుట్టినప్పటి కాలానిది. అలాంటివి ఇప్పుడు చెయ్యరు. విస్కాన్సిన్‌లో ఆ వైపు మగవాళ్ళకి వాటి పిచ్చి. మూతపడిన చీజ్ ఫ్యాక్టరీ వెనక దురదగొండి మొక్కల్లో పడివున్న దాన్ని డెల్మరే తెచ్చాడు. ఆ మాట నిజం. తెచ్చి, ఇంజన్ మూత విప్పబోయి, తుప్పు పట్టిన బోల్టుని బలంగా తిప్పి విరగ్గొట్టి, బండి చేసినవాణ్ణి తిట్టి, టార్పాలిన్ కప్పేశాడు. అంతటితో అతని కష్టం అయిపోయింది. పచ్చడి సీసాల కోసం షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా మార్లిస్‌కి ఆ టార్పాలిన్ కాలికి తగిలేది. ఒక చలికాలం ఎత్తి చూసింది. స్కూలు వంటగదిలో పొద్దుటంతా పిల్లలు తిన్న పళ్ళేలు కడిగి వచ్చి, ఇంట్లో మధ్యాహ్నం గిన్నెలు కడిగి, మిగిలిన కాస్త వెలుతురులో షెడ్డులో కూర్చునేది. విరిగిన బోల్టు చుట్టూ కిరసనాయిలు పోసి నాననిచ్చింది. వేడి చేసింది, చల్లారనిచ్చింది, మళ్ళీ వేడి చేసింది. అది ఒకరోజు తనంతట తనే కదిలింది. బలం పనికిరాని చోట ఓపిక పనికొస్తుందని ఆమె నేర్చుకున్నది షెడ్డులో కాదు. షెడ్డులో అది మొదటిసారి ఫలితం చూపించింది, అంతే. వాల్వులకి నూరుడు ముద్ద రాసి, వాటికి అతికించిన కర్రని అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ వారాల తరబడి అరగదీసింది. రేకులకి సొట్టలు తీసింది, రంగు వేసింది. ఇంజన్ మొదటిసారి అందుకున్నప్పుడు డెల్మర్ ఇంట్లోంచి కేక వేశాడు. ఆ రొద ఆపమన్నాడు, టీవీలో ఆట వినపడటం లేదట.

మొదటి ఏడు ప్రదర్శనలో ఎవరో, ఇంత బాగా ఎవరు చేశారని అడిగారు. డెల్మర్ నవ్వి, ఇంకెవరు అన్నాడు. ఆమె పక్కనే అతని కాఫీ పట్టుకుని నిలబడి ఉంది. తనవైపు తిరుగుతాడేమోనని చూసింది. తిరిగాడు, కాఫీ కోసం. ఇంటికొచ్చే దారిలో, నువ్వు చేశావని చెప్తే నవ్వుతారు, నన్ను కాదు, నిన్ను, అన్నాడు. ఆమె మంచికే చెప్తున్నట్టు అన్నాడు. స్కూల్లోనూ అంతే. పిండి కలిపే యంత్రం ఆగిపోతే విప్పి బాగుచేసింది. పై అధికారి మర్నాడు ఒక మగవాణ్ణి పిలిపించి, ఎందుకైనా మంచిదని మళ్ళీ విప్పించాడు. అతను లోపల చూసి ఏమీ లేదని బిగించేశాడు. బాగుచేసినవాడని రాసుకున్నది అతని పేరే.

ప్రదర్శన మైదానంలో మగవాళ్ళు బళ్ళ దగ్గర, ఆడవాళ్ళు డేరాలో. ఎప్పుడూ అంతే, ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్లిస్ పెనం మీద రొట్టెలు కాలుస్తోంది. ఆర్డిస్ వెన్న రాసి చక్కెర చల్లి చుడుతోంది. ట్రాక్టర్ క్లబ్బు అధ్యక్షుడు గేలెన్ వచ్చి బల్లకి ఆనుకున్నాడు.

"ఏమ్మా, సోమవారం మీ ఇంటికొస్తున్నా, ట్రాక్టర్ తోలుకెళ్ళడానికి. మీ ఆయన చెప్పలేదా? నా చేపల పడవ ఇంజన్ ఆయనకి, ఆ ఎర్రది నాకు. ఇవాళ పందెం గెలిస్తేనే అన్నాననుకో."

మార్లిస్ రొట్టె తిప్పింది. చిరగకుండా కర్రతో ఎత్తి పళ్ళెంలో వేసింది.

ఆ పందెం నెమ్మది పందెం. అన్ని బళ్ళూ ఒకేసారి బయల్దేరతాయి, అందరికంటే చివర గీత దాటినవాడు గెలుస్తాడు. చక్రం ఆగితే ఓటమి, ఇంజన్ ఆగినా ఓటమి. క్లచ్చు మీద, బ్రేకు మీద కాలు పెట్టకూడదు. నడిపేవాడు కూర్చుని ఉండటమే, చేసేదేమీ లేదు. అంతా ఇంజన్ ఎంత నెమ్మదిగా ఆగకుండా కొట్టుకోగలదన్న దాని మీదే ఉంది. ఎర్ర ట్రాక్టర్ ఏటా గెలుస్తోంది. ఏటా డెల్మర్ కూర్చుంటున్నాడు.

"ఏటా మీ ఆయనే వచ్చి ట్యూన్ చేసి పెడతానన్నాడు," గేలెన్ రొట్టె నములుతూ చెప్పాడు. "పొద్దున్న నాకు చేసి చూపించాడు కూడా. ఆ సూదిని ఇక తిరగనంతగా ఎలా బిగించాడనుకున్నావు. మగాడి చెయ్యంటే అదీ."

కార్బురేటర్ పక్కన సన్నని ఇత్తడి సూది ఉంటుంది. ఇంజన్ నెమ్మదిగా నడిచేటప్పుడు పెట్రోలు ఎంత పోవాలో అది చెప్తుంది. దాన్ని రెండు వేళ్ళతో తిప్పి, లోపల తగిలీ తగలనట్టు తగలగానే ఆపి, వెనక్కి వదలాలి. బలంగా బిగిస్తే మొన చుట్టూ గాడి పడుతుంది. గాడి పడిన సూదిని ఇక ఎంత తిప్పినా లాభం లేదు. డెల్మర్ చేతిలో బిగించడం తప్ప ఇంకేం లేదు. ఏటా ఎవరికో చూపించబోయి పాడుచేస్తాడు. ఏటా ఆమె అప్రన్ జేబులో గుడ్డలో చుట్టిన మంచి సూది ఉంటుంది. ఏటా ట్రైలర్ వెనక, ఎవరూ చూడకుండా, పిండి చేతులతో ఆమె మార్చి వస్తుంది.

గేలెన్ వెళ్ళాక ఆమె అత్తగారి వైపు చూసింది. ఆర్డిస్ చక్కెర డబ్బా మూత పెడుతూ, పడవ ఉంటే వాడికి కాస్త కాలక్షేపం అవుతుంది, అంది. అంటే ఆమెకీ తెలుసు. తెలియనిది మార్లిస్‌కే.

పందెం పిలుపు వచ్చేముందు డెల్మర్ డేరా వెనక గుడ్డ ఎత్తి తల పెట్టాడు. చేతులు నల్లగా మెరుస్తున్నాయి.

"మార్లిస్, ఒకసారి ట్రైలర్ వెనక్కి రా. ఇంజన్ గురక పెడుతోంది. ఎవరి కంటా పడకుండా రా."

"గేలెన్‌కి ఇస్తున్నావట."

"ఇస్తే ఇస్తా. బండి నీ పేరు మీద ఉందా?" గొంతు తగ్గించాడు. "ఇంకో తుక్కు తెచ్చి పడేస్తాలే. నీకేదో ఒకటి గోక్కోవడానికి ఉండాలి కదా. పద, టైము లేదు."

ఆమె చెయ్యి అప్పటికే జేబులో ఉంది. గుడ్డ మడతలోంచి సూది మొన వేలికి తగులుతోంది. వెళ్తే బండి గెలుస్తుంది, సోమవారం పోతుంది. వెళ్ళకపోతే తను ప్రాణం పోసిన ఇంజన్ నలుగురి మధ్య దగ్గి దగ్గి చచ్చిపోతుంది. దాని చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా ఆమెకి తెలిసిపోతుంది. తన పిల్లలు జ్వరాలతో మూలిగినప్పుడు కూడా అంత చెవి ఒగ్గి వినలేదు. అప్పుడు వినే తీరిక ఎవరిచ్చారు? అతని చేతుల వైపు చూసింది. ఆ నలుపు సబ్బు పెడితే పోతుంది. ఆమెది పోదు. ఇన్నేళ్ళూ తనకి కోపం రాలేదని అనుకుంది. వచ్చిందని, వచ్చి లోపల ఎక్కడో కిరసనాయిల్లో నానుతూ కూర్చుందని ఇప్పుడు తెలిసింది. అది కదిలింది.

"రొట్టె మాడిపోతుంది," అంది. "అయినా మగవాళ్ళ పని. నాకేం తెలుసు?"

అతను ఆమెని కొట్టేలా చూశాడు. కొట్టలేదు, మనుషులున్నారు. మైకులో అతని పేరు పిలిచారు.

డేరాలోంచి పందెం కనపడదు, వినపడుతుంది. అన్ని ఇంజన్ల మధ్యా ఆమె ఒక్కదాన్నే విన్నది. ఊపిరి పట్టి వదిలినట్టు ఎగసింది, దిగింది. మళ్ళీ ఎగసింది. పెట్రోలు చాలడం లేదు. ఇప్పుడైనా పరిగెత్తి వెళ్ళొచ్చు, ఎంతసేపు పని? ఆమె జేబులో పిడికిలి బిగించి పెనం ముందు నిలబడింది. ఒక దగ్గు. ఇంకొకటి. తర్వాత ఆ చప్పుడు ఉండాల్సిన చోట ఖాళీ. జనం నవ్వారు. డెల్మర్ మళ్ళీ స్టార్ట్ చెయ్యబోయిన చప్పుడు, మళ్ళీ నవ్వు. ఎవడో, గుర్రానికి గడ్డి వెయ్యి డెల్మర్, అని అరిచాడు. పెనం మీద రొట్టె నిజంగానే మాడింది. తీసి అవతల పారేసింది.

గేలెన్ ఇంకో రొట్టె కోసం వచ్చాడు.

"మీ ఆయన నన్ను ముంచబోయాడమ్మా. ఆ తుక్కు నాకొద్దు."

"చక్కెర సరిపోతుందా?" అంది మార్లిస్.

ఇంటికొచ్చే దారిలో ఆర్డిస్ అందుకుంది. మగాడు పందేనికి వెళ్ళేటప్పుడు పెళ్ళాం మొహం మాడ్చుకుని కూర్చుంటే ఇంకేం గెలుస్తాడంది. పెరట్లో ట్రాక్టర్ దించి, డెల్మర్ తాళం చెవి వంటింటి బల్ల మీదకి విసిరాడు. ఏం చేసుకుంటావో చేసుకో, మళ్ళీ నా కంట పడకూడదు దాని మొహం, అన్నాడు. ఎవరి మొహమో తేల్చి చెప్పలేదు.

మార్లిస్ తాళం చెవి తీసుకుంది. బల్ల మీది మాసిన గిన్నెలు అలాగే వదిలి షెడ్డుకి వెళ్ళింది. ఇంకా బోలెడు పొద్దుంది. గాడి పడిన సూది తీసి మూలకి విసిరింది. మంచి సూది పెట్టి, రెండు వేళ్ళతో తిప్పి, లోపల తగిలీ తగలనట్టు తగలగానే ఆపి, వెనక్కి వదిలింది. ఇంజన్ అందుకుంది. కాస్త తగ్గించింది, ఇంకా తగ్గించింది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మాట పట్టేంత నెమ్మదిగా కొట్టుకుంటోంది. వచ్చే ఏడు రొట్టెలు ఇంకెవరైనా కాల్చుకోవాలి అనుకుంది.

గుమ్మంలో నీడ పడింది. డెల్మర్ చాలాసేపు విన్నాడు. తర్వాత ఆమె చేతిలోని గుడ్డ చూశాడు.

"సూది నీ దగ్గరే ఉందా? అక్కడ? జేబులోనే ఉందా?"

"ఉంది."

అతని మొహంలో కోపం వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది, కోపం కంటే నీచమైనది.

"గేలెన్‌కి ఫోన్ చేస్తా. పెట్రోలు పోయే దారిలో చెత్తేదో అడ్డం పడిందని, తీసేశానని చెప్తా. వచ్చి వినమంటా. అలాగే నడవనీ, ఆపకు."

మార్లిస్ ఇంజన్ ఆపింది. వంగి, ఆ సూదిని నెమ్మదిగా వెనక్కి తిప్పి, బయటికి తీసి, గుడ్డలో చుట్టి జేబులో వేసుకుంది. సూది లేని ఆ బండి ఇప్పుడు ఎర్ర రంగు వేసిన ఇనుము. ఇసుక సబ్బు డబ్బా తీసి అతని ముందు బల్ల మీద పెట్టింది.

"ముందు చేతులు కడుక్కో," అంది. "ఆ గ్రీజు నాది."