అచ్చులో ఉన్నట్టు

ఆ కుట్టు కార్ఖానాలో ఎవరికీ పుట్టినప్పుడు పెట్టిన పేరు మిగల్లేదు. చొక్కాలో ఎవరు ఏ ముక్క కుడితే ఆ ముక్కే వాళ్ల పేరు. కాలర్లు కుట్టే ఆవిడ కాలర్ పిన్ని. జేబులు వేసే ఆవిడ జేబులక్క. చివరి బల్ల దగ్గర పొద్దస్తమానం ఆవిరిలో మునిగి తేలే పెద్దాయన ఇస్త్రీ మామ. జీతాలిచ్చే గదిలో వీళ్ల అసలు పేర్లు ఉండేవేగానీ, ఆ పేర్లతో పిలిస్తే ఎవరూ తల తిప్పేవాళ్లు కాదు.

వీళ్లకి నవలల పిచ్చి. మధ్యాహ్నం టీ వేళకి మిషన్లు ఆగగానే, చదివిన పుస్తకం నచ్చినవాళ్లు లేచి నిలబడి దాని తరఫున మాట్లాడాలి. సంబంధం చెప్పడానికి వచ్చినవాళ్లలా గుణగణాలు ఎన్నైనా పొగడొచ్చు, కథ మాత్రం చెప్పకూడదు. ఒకసారి ఇస్త్రీ మామ హంతకుడెవరో నోరు జారాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన టీలో చక్కెర పడలేదు.

పుస్తకం తరఫున మాట్లాడటంలో జేబులక్కది అందె వేసిన చెయ్యి. ఆమె చెబితే ఎండుకట్టెలాంటి నవల కూడా చిగురేసేది. అందుకే కాలర్ పిన్ని, భర్తని ఆసుపత్రిలో చేర్చే ముందురోజు నేరుగా ఆమె మిషన్ దగ్గరికే వచ్చింది.

"సాయంత్రాలు మీ బాబాయికి చదివి వినిపిద్దామనే. కడుపుబ్బ నవ్వించేది ఒకటి చెప్పు. ఏడుపుగొట్టువి వద్దు."

జేబులక్క ఆలోచించను కూడా లేదు. ఇంటికెళ్లి అవ్వ నవల తెచ్చి ఇచ్చింది. దానికి అసలు పేరు వేరే ఉన్నా, వీధి వీధంతటితో తగవు పడే అవ్వ ఒకతె అందులో ఉండటంతో కార్ఖానాలో అది అవ్వ నవలే. కాలేజీ రోజుల్లో కొన్న పుస్తకం. నేల మీద పెడితే దానంతట అదే అవ్వ తగవు పేజీల దగ్గర తెరుచుకునేది.

బాబాయి సిటీ బస్సు కండక్టరు. పేగులో గడ్డ ఉందనీ, కోసి తీసెయ్యాలనీ డాక్టర్లు చెప్పి చాలా కాలమైంది. ఇప్పటికి రెండుసార్లు చేర్చారు, రెండుసార్లూ ఆయన పారిపోయాడు. రెండోసారైతే ఆసుపత్రి వాళ్లు తొడిగిన పచ్చ గౌనుతోనే బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. తోటి కండక్టరు టికెట్ కూడా అడగలేదట, బెదిరిపోయి. ఈసారి కూడా పారిపోతే మళ్లీ మా గడప తొక్కొద్దని పెద్ద డాక్టరు పిన్నితో తెగేసి చెప్పాడు. ఈసారి చేర్చి నాలుగు రోజులైంది, తెల్లారితే ఆపరేషన్.

ఆ మధ్యాహ్నం టీ వేళకి పిన్ని ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది. బాబాయి ఒక్కడే కాదు, వార్డు వార్డంతా అవ్వ నవల వింటున్నారట. ఎదురు మంచం ఎలక్ట్రీషియన్ నవ్వితే కుట్లు నొప్పెడుతున్నాయని దిండు పొట్టకి అదుముకుని మరీ నవ్వుతున్నాడట. బాబాయి పారిపోయే మాటే ఎత్తడం లేదట.

"ఇప్పుడే అవ్వ కొడుక్కి కడుపునొప్పి వచ్చిందే. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. అక్కడ ఆపాం. సాయంత్రం అందరూ చూడ్డానికి వచ్చే వేళకి మళ్లీ మొదలెడతాం."

జేబులక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. అవ్వకి ఒక కొడుకుండేవాడు. వాడికి ఆపరేషన్ జరిగింది. వాడు తిరిగి రాలేదు.

ఎలా మరిచిపోయింది? ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు, కానీ మొదటిసారి తప్ప ఎప్పుడూ మొత్తం చదవలేదు. నచ్చిన పేజీలు తెరవడం, నవ్వుకోవడం, మూసెయ్యడం. ఆ నచ్చిన పేజీలే పెరిగి పెరిగి నవల అంతా తామే అయి కూర్చున్నాయి. కొడుకు చావు ఎక్కడో అడుగున పడిపోయింది.

"పిన్నీ, అది చదవకు" అనబోయింది. అటునుంచి నర్సు కేక వినిపించింది, ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే మోగడం లేదు. వార్డులో ఫోన్లు కట్టెయ్యమంటారు.

పరుగున మేస్త్రి దగ్గరికి పోయి సెలవడిగింది. తెల్ల చొక్కాల ఆర్డరు నెత్తిన కూర్చుంది, జేబులు లేక చొక్కాలు గుట్టలుగా ఆగిపోతాయి. ఆయన ససేమిరా అన్నాడు. కారణం చెప్పుకుందామని ఆమె అవ్వ నవలలో ఒక విషయం ఉందని మొదలెట్టిందో లేదో, మేస్త్రి రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఆపమ్మా తల్లీ. పిన్ని తర్వాత ఆ పుస్తకం నాది. కథ చెబితే ఊరుకోను. పో, వెళ్లు ముందు."

బస్సులో ఆమెకి కాలు నిలవలేదు. ప్రతి స్టాపులో ఎవరో ఒకరు మూటతో ఎక్కడం, చిల్లర కోసం వెతుక్కోవడం. ఆసుపత్రి గేటు దగ్గర దిగేసరికి చూడ్డానికి వచ్చేవాళ్లని లోపలికి వదిలేశారు. మెట్లన్నీ పరుగున ఎక్కి వార్డు గుమ్మంలో ఆగింది.

మంచాలన్నీ బాబాయి మంచం వైపు తిరిగి ఉన్నాయి. నడవగలిగినవాళ్లు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నారు. కిటికీ పక్క తాతగారు చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నాడు. పిన్ని చదువుతోంది. కథలో అవ్వ కొడుకుని తోపుడు మంచం మీద తలుపు లోపలికి తీసుకెళ్తున్నారు. అవ్వ వాడి చొక్కా చేత్తో పట్టుకుని బయట నిలబడింది.

"పిన్నీ, ఒక్క నిమిషం బయటికి రా."

పిన్ని లేవబోయింది. బాబాయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు ఎటు పోయిందో పోయింది.

"ఏమిటమ్మాయ్? ఏదైనా ఇక్కడే చెప్పు. వచ్చిన దగ్గర్నించీ చూస్తున్నా. డాక్టరు ఈవిణ్ణి బయటికి పిలుస్తాడు. నర్సు బయటికి పిలుస్తుంది. ఇప్పుడు నువ్వూనా?"

బయటికి పిలవడమే తప్పయిపోయింది. ఆయన చూపు అప్పుడే గుమ్మం వైపు పోతోంది. జేబులక్క నవ్వు తెచ్చిపెట్టుకుని, అబ్బే ఏం లేదు, పిన్ని గొంతు బొంగురుపోయింది, కాస్త టీ తాగి రమ్మందామని అంది. పుస్తకం ఆమె చేతిలోంచి లాక్కుని స్టూలు మీద కూర్చుంది. "నేను చదువుతాగా."

పేజీ చూసింది. రెండు పేరాల కింద తలుపు తెరుచుకుంటోంది, డాక్టరు కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని బయటికి వస్తున్నాడు. ఆ తర్వాత ఏముందో చదవకుండా, కళ్లు కాగితం మీదే పెట్టి, నోటికి వచ్చింది చెప్పుకుపోయింది. డాక్టరు నవ్వుతూ బయటికొచ్చాడు. గడ్డ కాదు గిడ్డ కాదు, వీడు చిన్నప్పుడు మింగిన గోళీకాయ అన్నాడు. అవ్వ లోపలికి దూసుకెళ్లి కొడుకు పొట్ట మీద కుట్లు చూసి డాక్టరుని పట్టుకుంది. ఇదేం కుట్టయ్యా, ఇంత ఎడంగానా, ఉతికితే ఊడిపోదూ, దారం చివర ముడి ఏదీ అని దులిపేసింది.

వార్డు గొల్లుమంది. ఎలక్ట్రీషియన్ దిండు వెతుక్కున్నాడు. బాబాయి కూడా నవ్వాడు. జేబులక్కకి ఊపొచ్చి అవ్వ చేత డాక్టరు చేతికి సూది ఇప్పించి మళ్లీ కుట్టించింది. చెప్తూ చెప్తూ తలెత్తేసరికి బాబాయి నవ్వడం మానేసి ఆమె వేళ్లకేసి చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఇంతసేపు చదివావు. పేజీ ఒక్కటీ తిప్పలేదు."

ఆమె గబుక్కున తిప్పింది.

"ఇప్పుడు తిప్పి లాభం లేదు" అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఇన్నేళ్లు బస్సులో మొహాలు చూసినవాణ్ణి. చిల్లర లేనివాడి మొహం వేరు, ఉన్న చిల్లర దాచేవాడి మొహం వేరు. నీది రెండోది. ఆ కొడుకు పోతాడు కదూ?"

పిన్ని జేబులక్కకేసి చూసిన చూపు నిప్పులో కాల్చిన సూదిలా ఉంది. కాదని చెప్పొచ్చు. ఆయన నమ్మడు. నమ్మనివాడు ఇక ఈ గదిలో ఎవరి మాటా నమ్మడు.

"పోతాడు బాబాయ్" అంది.

బాబాయి దుప్పటి తీసి పక్కన పెట్టాడు. కాళ్లు కిందికి దించి మంచం కింద వెతకసాగాడు.

"నా చెప్పులేవీ?"

"ఇంటికి పంపించేశాను" అంది పిన్ని.

"ఎప్పుడు?"

"మీరు చేరినరోజే."

వట్టి కాళ్లు చల్లటి గచ్చుకి ఆనించి ఆయన మంచం అంచున అలా కూర్చుండిపోయాడు. లేస్తే ఆపగలిగే బలం ఆ గదిలో ఎవరికీ లేదు. ఆపరేషన్ అయినవాళ్లు కొందరు, కావలసినవాళ్లు కొందరు. లేవలేదు. చివరికి జేబులక్క వైపు తిరిగాడు.

"చదువు. అచ్చులో ఉన్నట్టు చదువు."

"వద్దండీ" అంది పిన్ని.

"నా ఎదుట అందరూ ఒకటి చదువుతారు, వెనకాల ఇంకోటి పెట్టుకుంటారు. రెండుసార్లు పారిపోయానంటే కత్తికి భయపడి కాదే. మీ గుసగుసలకి భయపడి. ఆ పుస్తకమైనా ఉన్నదున్నట్టు చెప్పనీ."

జేబులక్క చదివింది. డాక్టరు కళ్లద్దాలు చేత్తో పట్టుకుని వచ్చాడు. ఏమీ అనలేదు. అవ్వ కూడా ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. చేతిలోని చొక్కాని ఒళ్లో పెట్టుకుని, గుండీలన్నీ పెట్టి, చేతులు వెనక్కి మడిచి, ఇస్త్రీ చేసినదానిలా సాపు చేసింది. అంతే. అధ్యాయం అయిపోయింది. జేబులక్క ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట వదల్లేదు.

కిటికీ పక్క తాతగారు చెవి మీంచి చెయ్యి తీశాడు. ఎవరో ముక్కు చీదుకున్నారు. బాబాయి పిన్ని కేసి తిరిగాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పు. డాక్టరు నిన్ను బయటికి పిలిచి ఏమన్నాడు?"

పిన్ని చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. అప్పుడు చెప్పడం మొదలెట్టింది. గడ్డ అనుకున్నదానికన్నా పెద్దదట. తీసేస్తే ఎక్కువమంది బాగవుతారట, అందరూ కాదట. బాబాయి గుండె కాస్త నెమ్మదిగా కొట్టుకుంటోందట, మత్తు ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా చూడాలట. ఇంకా ఆలస్యం చేస్తే మాత్రం కోసీ లాభం ఉండదట.

"ఇంతేనా?"

"ఇంతే. నా మీద ఒట్టు."

"మరి ఇది చెప్పడానికి ఏం రోగం? నేనింకా నయంకాని జబ్బేదో అనుకుంటున్నా" అన్నాడు. కాసేపు తన పాదాలకేసి చూసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటే పైకి తీసుకుని మంచం మీద పెట్టుకున్నాడు. పిన్ని దుప్పటి కప్పింది.

బయట వరండాలోకి వచ్చాక పిన్ని గోడకి ఆనుకుని నిలబడింది.

"నవ్వించేది చెప్పమన్నానే నిన్ను."

జేబులక్క పుస్తకం ఆమె చేతికి అందించింది.

"ఇక చచ్చినా నాకు పుస్తకం చెప్పకు" అంది పిన్ని. కళ్లు తుడుచుకుంది. ఆగిన పేజీలో వేలు పెట్టి, "ఆ అవ్వ మళ్లీ నోరు విప్పుతుందా?" అంది.

"చెప్పనా?"

పిన్ని ఆలోచించింది. "వద్దులే."

తెల్లారి ఆసుపత్రి వాళ్లు తోపుడు మంచం తెచ్చేసరికి బాబాయి లేచి కూర్చుని ఉన్నాడు. అదే పచ్చ గౌను. తనంతట తానే ఎక్కి పడుకున్నాడు. తోసేవాణ్ణి, బండి జాగ్రత్తగా నడపమని, గుంతలు చూసుకోమని హెచ్చరించాడు. వార్డు గుమ్మం దాటేటప్పుడు ఎవరికేసీ చూడలేదు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. కానీ చేతులు రెండూ దుప్పటి మీద కదలకుండా పెట్టుకున్నాడు.

పొద్దున్నే వచ్చేసిన జేబులక్క పిన్ని పక్కన నిలబడింది. చక్రాల చప్పుడు వరండా మలుపు తిరిగి వినిపించకుండా పోయింది. ఎదురు మంచం మీంచి ఎలక్ట్రీషియన్ మొహమాటపడుతూ పిలిచాడు. ఎలాగూ పిన్నిగారు బయట కూర్చుంటారు కదా, ఆ పుస్తకం ఇచ్చి వెళ్తే మిగతాది తామే చదువుకుంటామన్నాడు.

పిన్ని పుస్తకాన్ని చంకలో ఇరికించుకుంది. నిన్న ఆగిన పేజీలో ఆమె వేలు గుర్తుగా ఉంది.

"ఆయన వినడం ఇంకా అవ్వలేదు" అంది, ఆపరేషన్ గది వైపు నడుస్తూ.