చింతగింజల లెక్క

ఎనభై నాలుగులో, కరువు ముదిరిన ఏడాది, ఆదోని పత్తి మిల్లులో కూలికి పోయే దానమ్మకు లెక్క పెట్టుకునే సాధనమొకటి కావలసివచ్చింది. కూలిలోంచి రోజుకు రెండు రూపాయలు మేస్త్రి మద్దయ్య దగ్గరే దాస్తోంది. డెబ్బై ఐదు రోజులకు నూటయాభై. అది అత్త కృపమ్మ కళ్ళ ఆపరేషన్‌కు. మొగుడు పోయాక ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరే, అందులో ముసలామెకు చూపు మసక.

మద్దయ్య చెడ్డవాడు కాడు, మతిమరుపు మనిషి. "నీ లెక్క నువ్వు పెట్టుకోమ్మా" అన్నాడు. గోడ మీద బొగ్గుతో గీతలు గీద్దామంటే క్రిస్మస్‌కు సున్నం కొట్టాలి. తాడుకు ముడులు వేద్దామంటే ఉన్న ఒక్క తాడూ బావికే సరి. పక్కింటి ఏసన్న నోటుబుక్కులో రాస్తానన్నాడు గానీ, వాడికి తెలిస్తే పేటంతా దండోరా వేసినట్టే. చివరికి ఇరుకుమూతి కుండలో రోజుకో చింతగింజ వేయడం మొదలుపెట్టింది. దొంగకు కూడా పనికిరాని లెక్క అని మురిసిపోయింది.

డబ్బు మిగలాలంటే కడుపు కట్టుకోవాలి కదా. అత్తకు పొద్దున గిన్నెడు అంబలి పోసి పోతే మళ్ళీ రాత్రికే తిండి.

ఒకరోజు సాయంత్రం గింజ వేస్తే కుండ అడుగున టంగుమంది. కుండ బోర్లిస్తే రాలింది ఆ ఒక్క గింజే. "దినానికొకటి ఏసిన లెక్క గింజలు ఏడికి పాయె?" అని అరిచింది దానమ్మ.

"నేనే తింటిని తల్లీ," అంది కృపమ్మ మెల్లగా. "ఏయించి, నానబెట్టి, ఉడకేసుకుంటిని. లెక్కవని తెలీదు."

"నీ కండ్ల కోసరమే గదా నేను సస్తాండేది! లెక్కంతా మింగితివే!"

నోరు జారితే వెనక్కి తీసుకోలేం. మర్నాటి నుంచి ముసలామె పొద్దుటి అంబలి ముట్టలేదు. "ఆకలి లేదు, నువ్వు తాగిపో" అనేది. దానమ్మ నమ్మింది. నమ్మితే గిన్నెడు అంబలి మిగులుతుంది, అందుకే నమ్మింది. ఎనిమిదో రోజు ముసలామెకు జ్వరం వచ్చింది. పదో రోజు కృపమ్మను సమాధుల దొడ్డికి మోసుకుపోయారు.

డెబ్బై ఐదో రోజు మద్దయ్య నూటయాభై ఎంచి చేతిలో పెట్టాడు. "నా పుస్తకంలో మూడు దినాలు తక్కువుండె. మీ అత్త సెప్పినంక కలిపినా."

"మా అత్తా? ఎప్పుడొచ్చె?"

"నువ్వు తిట్టిన మర్నాడు. మాపటేల, మీరంతా పోయినంక, గోడలు తడుముకుంటా వచ్చినాది. 'దినానికి పది లెక్కన ఆరు దినాలు తింటిని నాయనా, కడాకు మిగిలిన రెండూ తింటిని, నిన్న ఏసింది ఇంకొకటి. అరవై మూడు. నా కోడలికి తక్కువ రాయొద్దు' అనె. ఎంచుకుంటా తినిందంట, ఊరికే అయిపోతాయని."

దానమ్మ ఆ నోట్లు కొంగున ముడేసుకుని మిల్లు గేటు దాటింది. లెక్క పోలేదు. అత్త దగ్గరే భద్రంగా ఉంది. ఎన్ని తిన్నావని ఒక్క మాట అడిగి ఉంటే ఆ పూటే చెప్పేది. ఆకలైందా అని కూడా ఏ పూటా అడగలేదు.