మధ్యలో వేసిన అంకె

చిట్టికి ఆ ల్యాబ్‌లో ఉద్యోగం ఇప్పించింది వాళ్ళ వదిన. ఇంట్లో అన్నయ్య భార్య, ఇక్కడ ఇన్‌ఛార్జి. ఇంట్లో వదినని పొద్దస్తమానం ఆటపట్టించే చిట్టి, ల్యాబ్ గుమ్మం దాటగానే పిల్లిలా ఒదిగిపోయేది.

వాళ్ళ పని చెప్పడానికి తేలికే, అర్థమయ్యేసరికి మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. మందు అణువులు ఒక ద్రావకంలో ఎంత చురుగ్గా చెదిరిపోతాయో కొలవాలి. పొడవాటి సన్నని ఉక్కు గొట్టాన్ని చుట్టలా చుట్టి వేడి పెట్టెలో పెడతారు. అందులో ద్రావకం పారుతుండగా ఒక చుక్క మందు వదులుతారు. నడిమధ్యనున్న అణువులు ముందుకు పరిగెడతాయి, గోడ పక్కనున్నవి వెనకబడతాయి. చురుకైనవైతే చకచకా చోట్లు మార్చుకుంటాయి కాబట్టి ఏవీ మరీ ముందుకూ పోవు, మరీ వెనకా పడవు. గొట్టం చివర, తెరమీద గుట్టలాంటి గీత పడుతుంది. గుట్ట ఎంత సన్నగా ఉంటే అణువులు అంత చురుకైనవని లెక్క. ఈ తిరకాసు చిట్టి బుర్రకెక్కడానికే చాలా రోజులు పట్టింది.

ద్రావకంగా మిథనాల్ వాడితే ఏ పేచీ లేదు. గొడవంతా కార్బన్ డయాక్సైడ్‌తోనే. దాన్ని వేడిచేసి గట్టిగా నొక్కితే అటు వాయువూ కాదు, ఇటు ద్రవమూ కాదు, సూపర్ క్రిటికల్ అనే అదో రకం స్థితికొస్తుంది. అందులో ఒక నొప్పుల మందు చురుకెంతో వదిన ఏనాడో కొలిచింది. ఆ అంకె నమ్ముకునే ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీవాళ్ళు కొత్త యంత్రానికి కొలతలు వేస్తున్నారు. "ఊరికే ఒకసారి సరిచూడవే," అని వదిన ఆ పని చిట్టికప్పగించింది.

సరిచూస్తే, వదిన అంకె కన్నా మూడోవంతు తక్కువొచ్చింది.

చిట్టి ఎక్కడ పొరపాటు చేశానా అని వెతికితే దొరికింది: పంపు ఇంకా మిథనాల్‌కి పెట్టిన నెమ్మది వేగంలోనే ఉంది, మార్చడం మర్చిపోయింది. నెత్తిమీద మొట్టికాయ వేసుకుని, వదిన వాడే వేగానికి పెంచింది. అచ్చం వదిన అంకే వచ్చింది. హమ్మయ్య అనుకుంది.

ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. పంపు ఎంత గట్టిగా తోస్తే అణువుకేంటి? దాని చురుకు దానిది కదా! మళ్ళీ నెమ్మదిగా నడిపింది. మళ్ళీ తన అంకే. వేగం పెంచితే వదినది. రెండు గుట్టలూ అందంగానే ఉన్నాయి, రెండూ నిజమే అన్నట్టున్నాయి. తనది తప్పైతే బాగుండునని మనసారా కోరుకుంది. తనది ఒప్పైతే, ఇన్నేళ్ళ వదిన పరువేం కాను? చెయ్యిపట్టి పని నేర్పిన మనిషికి తనే చెడ్డపేరు తేవాలా? ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయింది. చివరికి రెండూ కలిపి సగం చేసి, వచ్చిన అంకెని బోర్డుమీద రాసేసింది. మహా తెలివైన పని చేశాననుకుంది, పిచ్చిది.

వదిన వచ్చి బోర్డు చూసింది.

"ఇది ఏ వేగంలో వచ్చిందే?"

చిట్టి జరిగిందంతా కక్కేసింది.

వదిన స్టూలు లాక్కుని కూర్చుని, పంపుని చిట్టి వేగంలో సగానికి తగ్గించింది. "అంకె ఇంకా పడిపోతే ఇద్దరిదీ తప్పు. నిలబడితే నీది ఒప్పు," అంది. ఆ గుట్ట వచ్చేదాకా ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. వచ్చింది. చిట్టి అంకె నిలబడింది.

"చుట్ట చుట్టిన గొట్టం కదా," అంది వదిన, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "వేగంగా తోస్తే మలుపుల్లో ద్రావకమే సుడి తిరుగుతుంది. అణువుల్ని అదే అటూ ఇటూ కలిపేస్తుంది. ఆ గొప్పంతా నేను అణువుకి కట్టబెట్టాను. త్వరగా అయిపోతోంది, గుట్ట బాగుంది కదా అని వేగం పెంచింది నేనే."

వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. "మా పాత అంకె వాడకండి. తప్పు నాది. కొత్తది రేపు పంపిస్తాను."

"నీ పేరు పోకూడదనే వదినా..." చిట్టికి ఏడుపొచ్చేసింది.

"నా అంకె తప్పైతే దిద్దుకుంటాను. ఇప్పుడు దిద్దుకున్నానుగా. నా మొహం చూసి నువ్వు నీ అంకె మార్చావు చూడు, దాన్నెలా దిద్దనే?"

చిట్టికి వదిన మంచిదా, కోపిష్టిదా, తనకిప్పుడు పడింది మెచ్చుకోలా, చీవాట్లా, ఏదీ తేలలేదు. వదిన బోర్డు శుభ్రంగా తుడిచేసి స్టూలు మీంచి లేచింది.

"కూర్చో. మొదట్నుంచీ మళ్ళీ చెయ్యి. ఏదొస్తే అదే రాయి."

"నువ్వెక్కడికి?"

"బయటికి. నేనుంటే నువ్వు నన్నే చూస్తావు," అని వదిన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.