కింద ఎడమవైపు పొట్టి సంతకం

ఆ కంపెనీలో ఆయన్ని అందరూ ఎర్రసిరా గారు అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా సార్ అనేవారు గానీ, ఆ సార్ లోనే ఎర్రసిరా వినబడేది. నీళ్ల పంపులు తయారుచేసే ఆ కంపెనీ నుంచి బయటికి వెళ్లే ఏ ఉత్తరమైనా ముందు ఆయన బల్ల మీదకి రావాలి, ఎర్రసిరాతో నాలుగు దెబ్బలు తినాలి, కింద ఎడమవైపు ఆయన పొట్టి సంతకం వేయించుకోవాలి. ఇరవై ఆరేళ్లుగా అదే పద్ధతి. పంపులు ఎవరైనా చేస్తారు, కంపెనీ నిలబడింది మాత్రం తన కామాల మీదేనని ఆయన నమ్మకం. పైకి అనేవాడు కాదు. మనిషికి కాస్త వినయం కూడా ఉండాలి కదా.

రెండేళ్లుగా ఆ ఉత్తరాలు తగ్గుతూ వస్తున్నాయి. తన శిక్షణ ఫలించి జనం బాగా రాస్తున్నారని సంతోషించాడు.

సోమవారం నాడు ఆయన పేరుమీదే ఒక ఉత్తరం వచ్చింది. కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారట. మీ అంతట మీరే వెళ్లిపోతే పద్దెనిమిది నెలల జీతం చేతిలో పెడతాం, శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా తేల్చి చెప్పండి అని దాని సారాంశం. ఇంత కటువైన మాటని ఎంత మెత్తగా చెప్పారో. "ఈ సంస్థ గోడల్లో మీ శ్రమ ఉంది" అన్న చోటికి వచ్చేసరికి ఆయనకి కళ్లు చెమర్చాయి. తుడుచుకుని మళ్లీ చదివితే తెలిసింది, ఆ వాక్యం తనదే. ఎనిమిదేళ్ల కిందట మొదటి విడత మనుషుల్ని పంపించినప్పుడు, ఈ ఉత్తరం మొత్తం రెండు రోజులు కూర్చుని తనే రాశాడు. ఒప్పుకున్నవాళ్లు సంతకం ఎక్కడ పెట్టాలో కూడా తనే నిర్ణయించాడు. కింద ఎడమవైపు.

ఇంటికి తెచ్చి భార్యకి చూపించాడు. ఆవిడ మడతపెడుతున్న దుప్పటి ఒళ్లో పెట్టుకుని చదివింది.

"బాగుందండీ. ఎవరు రాశారు?"

"నేనే."

"మీకు మీరేనా?"

"అప్పట్లో అందరికీ."

"అయితే మా చెల్లెలి మొగుడు చదివి ఏడ్చింది దీన్నేనన్నమాట."

"వాడు ఏడ్చాడా? నాకు చెప్పలేదే."

"ఎలా చెప్తాడు? రెండో పేరా ఎంత బాగా కుదిరిందో మీరు వివరిస్తున్నారట."

ఆయన కాసేపు దుప్పటి రెండో కొస పట్టుకుని సాయం చేశాడు. తర్వాత అడిగాడు, "తీసుకోమంటావా?"

"నన్నడక్కండి. తీసుకుంటే పొద్దస్తమానం ఇంట్లో ఉంటారు. తీసుకోకపోతే పొద్దస్తమానం దీని గురించే మాట్లాడతారు. ఏది తక్కువ కష్టమో నాకింకా తేలడం లేదు."

మర్నాడు తోడల్లుడికి ఫోన్ చేశాడు. అతను ఒకప్పుడు అదే కంపెనీ స్టోర్సులో పనిచేశాడు, ఆ మొదటి విడతలో బయటికొచ్చి పంపులు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు.

"ఏమోయ్, నాకూ వచ్చింది ఉత్తరం. ఏం చెయ్యమంటావు?"

"అప్పుడు నేనడిగితే మీరేమన్నారో గుర్తుందా అన్నయ్యా?"

"ఏమన్నాను?"

"సంస్థకి ఎవరూ లేకపోయినా నడుస్తుందోయ్ అని అరగంట చెప్పారు."

"అది నాకు కూడా వర్తిస్తుందనుకోలేదోయ్."

"నేనూ అనుకోలేదు. మీరు చెప్పిన తీరు అలా ఉంది మరి." అవతల ఏదో మోటారు గుర్రుమని ఆగింది. "నా సంగతికేంలెండి, మీ కంపెనీ పంపులున్నంత కాలం నాకు పనికి లోటు లేదన్నయ్యా."

బుధవారం ఆయన ఆ ఉత్తరాన్ని ఆఫీసులో మళ్లీ తీశాడు. నిర్ణయం కోసం కాదు. మూడో పేరాలో ఎవరో చెయ్యి పెట్టారు. ఒకే వాక్యంలో "మీ యొక్క" అని రెండుసార్లు. తన ఉద్యోగం పోతే పోయింది, ఇది మాత్రం చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఒకటి కొట్టేశాడు. ఆలోచించి రెండోదీ కొట్టేశాడు. పనిలో పనిగా ఇంకో మూడు చోట్ల దిద్దాడు. చెయ్యి దానంతటదే కిందకి, ఎడమవైపుకి జారి పొట్టి సంతకం గీకింది. కాగితం బయటికెళ్లే ఉత్తరాల ట్రేలో పడింది. ఆయన తృప్తిగా వెళ్లి టీ తాగొచ్చాడు.

మూడింటికి ఫోన్‌లో సందేశం. "మీ అంగీకారం అందింది. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాము." ఆ రెండో వాక్యం కూడా తనదే.

పరుగులాంటి నడకతో హెచ్ఆర్ గదికి వెళ్లాడు. అక్కడి అమ్మాయికి ఆయన సర్వీసంత వయసు కూడా లేదు.

"అది సంతకం కాదమ్మా, అలవాటు."

"ఆ సంతకం కనిపిస్తే ఇంకేం అడక్కూడదని నేను చేరిన రోజే చెప్పారు సార్." పాపం ఆ పిల్ల నిజంగానే కంగారుపడింది. "ఇంకా టైముంది. శుక్రవారం ఐదింటిలోపు, ఎందుకు ఉండాలనుకుంటున్నారో నాలుగు ముక్కలు రాసివ్వండి, వెనక్కి తీసుకుంటాం. రాయడం మీకెంతసేపు?"

"ఉంటే ఉంచుతారా?"

అమ్మాయి ప్రింటర్ వైపు చూసింది. "ఈ విడతకి ఉంచుతారు సార్. వచ్చే విడతలో ఈ డబ్బు ఇస్తారో లేదో నాకు తెలీదు." వెళ్లబోతుంటే వెనక నుంచి అంది, "మీ సవరణలు ఇంకా పంపాల్సిన ముప్పై ఏడు ఉత్తరాల్లోనూ పెట్టేశాం సార్. చాలా బాగా వచ్చింది."

ఎలాగూ పడే దెబ్బని నునుపు చేసి మరీ తగిలించిన ఘనత తనకే దక్కిందన్నమాట.

శుక్రవారం మధ్యాహ్నం తలుపు వేసుకుని రాయడానికి కూర్చున్నాడు. అందరి ఉత్తరాలూ దిద్దిన చెయ్యి, అయిదు వాక్యాలకి రెండు గంటలు తీసుకుంది. రాశాక అలవాటు ప్రకారం ఎర్రసిరా తీశాడు.

"సంస్థ ఎదుగుదలలో నా పాత్ర గణనీయమైనది." ఎవరు గణించారు? కొట్టేశాడు.

"నా అనుభవం సంస్థకు ఎంతో అవసరం." అని ఎవరైనా అన్నారా? కొట్టేశాడు.

"నా పని చేయగలవారు మరొకరు లేరు." ఇక్కడ ఆగి, ఈ వారం తన బల్ల మీదకి వచ్చిన ఉత్తరాలెన్నో చూసుకున్నాడు. రెండు. అందులో ఒకటి తనదే. శిక్షణ ఫలించడమంటే ఇదేనా అనుకుని, గీత కాస్త గట్టిగానే గీశాడు.

నాలుగోది విధేయత గురించి. చదువుతుంటే తనకే నవ్వొచ్చింది. అదీ పోయింది.

అయిదోది ఎప్పుడు రాశాడో గుర్తులేదు. "ఇంట్లో కూర్చోవాలంటే నాకు భయంగా ఉంది." దాన్ని మూడుసార్లు చదివాడు. ఎక్కడా కలం పెట్టడానికి చోటు దొరకలేదు. ఇరవై ఆరేళ్లలో దిద్దక్కర్లేని వాక్యం అదొక్కటే తగిలింది, అదీ హెచ్ఆర్‌కి ఇవ్వడానికి పనికిరానిది.

అయిదింటికి ఆరు నిమిషాలుందనగా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అయిదు దాటేదాకా కుర్చీలోనే కూర్చున్నాడు, బస్సు వెళ్లిపోయాక తీరిగ్గా స్టాపుకొచ్చేవాడిలా. ఈసారి తేల్చింది అలవాటు కాదు, తనే.

ఇంట్లో ఆ కాగితం భార్య చేతికిచ్చాడు. ఆవిడ ఎర్రగీతలన్నీ దాటుకుంటూ కిందకి వచ్చి ఆగింది.

"ఇది బాగుందండీ. ఎవరు రాశారు?"

"నేనే."

"నాకూ భయంగానే ఉంది," అంది ఆవిడ. "సోమవారం నుంచి నా సరుకుల జాబితా ముట్టుకున్నారంటే మాత్రం ఊరుకోను."

ఆయన జేబులోంచి ఎర్రకలం లాక్కుని, కాగితం కింద తన పేరులో మొదటి రెండక్షరాలు గీకి తిరిగిచ్చేసింది.

సంతకం కుడివైపు పెట్టింది. ఎడమవైపు పెట్టాలన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, కలానికి మూత పెట్టాడు.