గ్రాముగారూ పాతిక రాళ్ళూ

తూనికలు కొలతల ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ గ్రాముగారే. బజారులో ఏ కొట్టువాడు తక్కెడ వేలితో నొక్కి అమ్ముతున్నా వీధి చివర నుంచే పసిగట్టేవారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక్క గ్రాము అటూ ఇటూ చెప్పిన మనిషి కాదు. మనుషులు అబద్ధాలాడతారు గానీ కాటా అబద్ధమాడదని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయన కొంప ముంచబోయింది.

యాభై ఎనిమిదో ఏట డాక్టరు రక్తపరీక్ష కాగితాలు చూసి, షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ, కాస్త బరువు తగ్గమనీ, ఒళ్ళు వంచి వ్యాయామం చెయ్యమనీ, ఒంటికి పట్టే తిండి తినమనీ చెప్పాడు. గ్రాముగారి చెవిలో బరువు అన్న ముక్క ఒక్కటే పడింది. తక్కిన రెండూ కాటాకి అందేవి కావు కాబట్టి వాటిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నారు. పొద్దున ఒక రస్కు, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి నీళ్ళలాంటి సూపు. గుడ్డు ముట్టలేదు, పప్పు ముట్టలేదు, చేప వండితే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. తెల్లారగానే కాటా ఎక్కి, వచ్చిన అంకెని వంటింటి క్యాలెండరు మీద రాసేవారు. నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు. మొహం పీక్కుపోయింది. ప్యాంటు బెల్టుని నమ్ముకుని బతుకుతోంది. మెట్లెక్కుతుంటే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఆయన మాత్రం గాల్లో తేలిపోతున్నారు. భార్య బెంగపడి ఏదైనా అనబోతే క్యాలెండరు చూపించేవారు, ఆవిడ తల కొట్టుకుని వెళ్ళిపోయేది.

ఆ ఇంట్లోనే అత్తగారు కూడా ఉన్నారు. డెబ్భై ఆరేళ్ళు. ఏడాది కిందట బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆపరేషనయ్యాక కూతురి దగ్గరికి వచ్చేశారు. రోజూ పొద్దున ఆరింటికి వంటింట్లో స్టూలు మీద కూర్చుని లేవడం, లేచి కూర్చోవడం. తర్వాత రెండు గుడ్లు, ఒక గిన్నెడు పెరుగు. మితభాషి. అల్లుడితో చెప్పాల్సింది కూతురితో చెప్పేవారు, కూతురు దగ్గర లేకపోతే గోడతో చెప్పేవారు. "కీరా ముక్కలకి ఆయుష్షు పెరుగుతుందంటే నమ్మొచ్చు, కీరాకే పెరుగుతుంది" అని ఒకసారి గోడతో అనగా గ్రాముగారు విన్నారు. విననట్టు ఊరుకున్నారు.

ఇంతలో ఆఫీసులో పరీక్ష వచ్చిపడింది. గోదాముల్లో పెద్ద కాటా సరిగ్గా ఉందో లేదో చూడాలంటే దాని మీద ఇరవై కిలోల ఇనప దిమ్మలు ఒక్కొక్కటే పేర్చాలి. ఇనుమే అయినా ఆఫీసులో వాటిని రాళ్ళనే అంటారు. మొత్తం పాతిక రాళ్ళు, ఎవరి సాయమూ లేకుండా ఎత్తాలి. ఎత్తలేనివాడిని బయటి పని నుంచి తప్పించి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి సీళ్ళు వెయ్యమంటారు. ఆ కుర్చీ పేరు చెబితే గ్రాముగారికి గుండె గుభేలుమనేది. బజారులో తిరగడమే ఆయన బతుకు. తనని చూడగానే కొట్లలో తక్కెడలు సర్దుకుంటుంటే కలిగే ఆనందం ఆయనకి మరెక్కడా దొరకలేదు.

పదకొండు రాళ్ళు ఎత్తారు. పన్నెండోది మోకాలి దాకా వచ్చి, ఇంక రానంది. నలుగురి ముందూ దాన్ని మళ్ళీ నేల మీద పెట్టేయాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది.

పై అధికారి వయసులో చిన్నవాడు, మర్యాదస్థుడు. "మూడు నెలలాగి ఇంకోసారి చూద్దాం గురువుగారూ" అన్నాడు. "అప్పటికీ కాకపోతే మాత్రం, ఆ కుర్చీ తప్పదు."

ఇంకొకరైతే ఇంటికి పోయి పడుకునేవారు. గ్రాముగారికి రాళ్ళ మీద అనుమానం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాతిక రాళ్ళనీ వ్యాను మీద వేయించి, అసలు తూకాలుండే ప్రయోగశాలకి పట్టుకుపోయి, ఒక్కొక్కటీ తూయించారు. సరిగ్గా ఇరవై, ఇరవై, ఇరవై. ఒక్క రాయి కూడా బరువెక్కలేదు. రాళ్ళూ నిజమే చెబుతున్నాయి, ఇంట్లో కాటా కూడా నిజమే చెబుతోంది. మరి తేడా ఎక్కడుందో ఆయనకి అంతుపట్టలేదు.

ఆ వారమే అత్తగారిని ఫిజియో అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ అమ్మాయి అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమని, అరనిమిషంలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టింది. పదమూడు. తర్వాత గ్రాముగారి వాలకం ఓసారి ఎగాదిగా చూసి, సరదాకి మీరూ కూర్చోండి అంది. ఆయన సరదాగానే కూర్చున్నారు. తొమ్మిదోసారికి ఆ సరదా తీరిపోయింది. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు దిగమింగుకున్నారు.

గ్రాముగారు పదకొండు కిలోల సంగతి గర్వంగా చెప్పబోయారు. ఆ అమ్మాయి మధ్యలోనే అందుకుంది. "ఎంత పోయిందో చెబుతుంది గానీ, ఏం పోయిందో చెప్పదు సార్ కాటా. కొవ్వొక్కటే పోలేదు, కండ కూడా పోయింది."

కడుపు మాడ్చుకుని, ఒళ్ళు కదపకుండా తగ్గితే జరిగేది అదేనని ఆ అమ్మాయి విడమరచి చెప్పింది. పూటపూటకీ కాస్త ప్రొటీను ఉండాలి, గుడ్డో పప్పో చేపో పెరుగో ఏదైనా సరే. వయసు పెరిగేకొద్దీ దాని అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు. అలాగని ఊరికే తిని కూర్చుంటే లాభం లేదు, తిన్న గుడ్డు దానంతటది భుజంలోకి నడిచి వెళ్ళదు, కండకి పని చెప్పాలి. గ్రాముగారు జేబులోంచి పుస్తకం తీసి, రోజుకి ఎన్ని గ్రాములని అడిగారు. ఆయనకి తెలిసిన భాష అదొక్కటే.

మర్నాడు ఆరింటికి వంటింట్లో రెండో స్టూలు పడింది. అత్తగారు లేస్తే అల్లుడు లేవాలి, అత్తగారు కూర్చుంటే అల్లుడు కూర్చోవాలి. "ఇంకో అయిదు చెయ్యాలట" అని ఆవిడ గోడతో అంటే ఈయన చేసేవారు. ఆ తర్వాత బకెట్టులో నీళ్ళు పోసి ఎత్తడం, వారానికో లీటరు పెంచడం. నీళ్ళు తూచకుండా పోస్తే ఆయనకి నిద్ర పట్టదు కాబట్టి తూచే పోసేవారు. ఉడికించిన గుడ్డుని పెంకు తీసి మరీ తూచి తినేవారు. భార్యకి ఇంట్లో ఇద్దరు పిచ్చివాళ్ళున్నట్టు ఉండేది.

నాలుగో వారం కాటా ఎక్కితే ఒకటిన్నర కిలో పెరిగింది. గ్రాముగారి ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు స్టూలు దగ్గరికి రాలేదు. కంచంలో గుడ్డుని పక్కకి నెట్టి, క్యాలెండరు వంక చూస్తూ కూర్చున్నారు.

అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. గోడ వంక చూడలేదు.

"అల్లుడుగారూ, నేను పడ్డ రోజుకి నా బరువెంతో తెలుసా? నలభై ఆరు కిలోలు. ఈ వయసులో కూడా ఎంత నాజూగ్గా ఉందో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఒక రొట్టె, ఒక కప్పు టీతో రోజు గడిపేసేదాన్ని. పడడానికి నెల ముందే కుర్చీలోంచి లేవాలంటే చెయ్యి ఊతం కావాల్సొచ్చేది. పట్టించుకోలేదు. పడ్డాక గంటన్నరసేపు ఆ తడి నేల మీదే ఉన్నాను. ఎముక విరిగిందని తర్వాత తెలిసింది, కానీ విరక్కపోయినా లేచేదాన్ని కాదు. ఆ నలభై ఆరు కిలోల్ని లేపే బలం నా కాళ్ళలో లేదు."

ముప్పై ఏళ్ళలో ఆవిడ ఆయనతో అన్ని మాటలు మాట్లాడలేదు. గ్రాముగారు గుడ్డు దగ్గరికి లాక్కుని, తూచకుండానే తినేశారు. కాటా ఆ పూటే అత్తగారి మంచం కిందికి చేరింది.

మూడు నెలలూ తిరిగేసరికి షుగరు గుమ్మం దిగి వీధిలోకి వెళ్ళిందని డాక్టరు చెప్పాడు. గ్రాముగారు సంతోషించారు గానీ ఆయన మనసంతా గోదాములోనే ఉంది.

పరీక్ష రోజు మొదటి పదకొండు రాళ్ళూ చకచకా లేచాయి. పన్నెండోది ముట్టుకోవడానికి ముందు ఒక్క క్షణం ఆగారు. నడుముతో కాదు, తొడలతో లేవాలని అత్తగారు నూరిపోసిన ముక్క గుర్తు చేసుకుని వంగారు. రాయి వచ్చింది. పంతొమ్మిదో రాయికి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. పాతికోది కాటా మీద పెట్టి, పక్కకి జరిగి, నిలబడ్డారు. అంకె సరిగ్గా అయిదు వందలు చూపించింది. అధికారి కాగితం మీద సంతకం పెట్టి, బజారు మీదే గురువుగారూ అన్నాడు. గ్రాముగారికి కళ్ళు చెమర్చాయి. చెమటనుకోనీ అని తుడుచుకోలేదు.

బయటికొచ్చి ఇంటికి ఫోను చేశారు. భార్య బయటికి వెళ్ళినట్టుంది, అత్తగారు ఎత్తారు. పాతికా ఎత్తానని చెబితే మంచిది, చాలా సంతోషం అన్నారు. ఆ గొంతులో సంతోషం సగమే ఉంది. ఏమైందని ఈయన గుచ్చి గుచ్చి అడగాల్సి వచ్చింది.

"ఏం లేదు. ఇంక పరీక్ష అయిపోయింది కదా, మీకు వంటింట్లో పనుండదు లెండి." అన్నారు ఆవిడ. "ఒక్కదాన్నే చేసేటప్పుడు ప్రతిసారీ లేచేముందు భయమేసేది. మీరు పక్కనుంటే వెయ్యలేదు. అంతే."

రూలు ప్రకారం ఆ పరీక్ష మూడేళ్ళకోసారి. వచ్చేసారికి గ్రాముగారు రిటైరై ఇంట్లో ఉంటారు. ఆ సంగతి ఆయనకి తేదీతో సహా తెలుసు.

"నెలనెలా పెడతారట అత్తగారూ" అన్నారు. "రేపు ఆరింటికి రెండు స్టూళ్ళూ వేసి ఉంచండి."

ఆవిడ, ఇంట్లో గుడ్లు అయిపోయాయనీ, వచ్చేటప్పుడు రెండు డజన్లు పట్టుకురమ్మనీ చెప్పి ఫోను పెట్టేశారు.