రూతమ్మ ప్రార్థన

కామాటిపురలోని ఒంటిగదుల చాల్‌లో ప్రార్థన కూడిక అంటే అందరికీ రూతమ్మ భయమే. కళ్లు మూసుకుని, "ప్రభువా, మార్తవ్వతోని దారు తాగుడు మాన్పియ్యి తండ్రీ" అంటూ అందరి పాపాలూ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది.

ఒకనాడు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కూడిక ఆమె ఉండే ఒంటిగది ఖోలీలోనే పెట్టారు. మొదటి ప్రార్థన మార్తవ్వది. తాను కోడల్ని తిట్టిపోసే సంగతి మార్తవ్వ ఎక్కడ బయటపెడుతుందోనని రూతమ్మ భయపడింది.

"ప్రభువా, రూతక్కకు కాలు మస్తు నొస్తుంది. జల్ది మంచిగ చెయ్యి. అప్పటిదాంక నల్లా నీళ్లు నేను తెస్త. ఆమెన్."

అంతే, ముగించేసింది.

తర్వాత వంతు రూతమ్మది. ఇవాళ ఎవరి పేరు వస్తుందోనని అందరూ బిగుసుకున్నారు.

"ప్రభువా, మార్తవ్వ నడుం జర సల్లగ సూడు. బిందెలు బరువుంటయి."

ఒక్కొక్కరే కళ్లు తెరిచి చూశారు.