కొండకు రెండు టిక్కెట్లు

1959 మే 14, గురువారం ఉదయం బోగోలు రైతు పద్మనాభయ్య భార్య మాలకొండమ్మతో బిట్రగుంటలో మద్రాసు రైలెక్కారు. ఇద్దరూ కొండకు బయల్దేరారు. ఆయన అనుకున్న కొండ వేరు, ఆమె అనుకున్న కొండ వేరు. నెల్లూరు దాటేదాకా ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఆయన వెళుతున్నది నీలగిరిలోని ఒక హోటలుకు. కాలేజీ రోజుల్లో స్నేహితులతో వెళ్లి దాన్ని గేటు బయటి నుంచి చూశారు. అప్పట్లో తెల్లవాళ్లనే లోపలికి రానిచ్చేవారు. కాపలావాడు కర్ర చూపించాడు. ఆ గేటు లోపల ఒక్క రాత్రి పడుకోవాలని ఆయన ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నారు. అక్కడి బేరరు జీవానందం బోగోలువాడే. తమ్ముడి పెళ్లికి సెలవు మీద వచ్చి తిరిగి వెళుతున్నాడు. గది ఇప్పించింది అతనే. ముగ్గురూ ఒకే పెట్టెలో కూర్చున్నారు.

హోటలు ఎట్లా పుట్టిందో చెప్పమని పద్మనాభయ్య అడిగారు.

"మొదట అది హోటలు కాదయ్యా" అన్నాడు జీవానందం. "ఒక దొర కాఫీ తోటలో కట్టుకున్న ఇల్లు. తెగులు తగిలి తోట పోయింది. ఆ దిగులుతో దొరా పోయినాడు. దొరసాని ఏం చేస్తది? గదులు బాడుగకిచ్చింది. ఎండకు తాళలేక మద్రాసు దొరలు ఎగబడినారు. మేడ లేపినారు, డాన్సు హాల్లో టేకు చెక్క పరిచినారు. స్వరాజ్యం వచ్చినాక దొరలు పోయినారు, టేబుళ్లు ఖాళీ. అప్పుడు మనోళ్లని రానిచ్చినారు."

"చలి?"

"మే నెల్లో కూడా రాత్రి గదిలో కట్టెలు మండించాల్సిందే."

కిటికీలోంచి వడగాలి కొడుతోంది. పద్మనాభయ్య తువ్వాలు అడ్డం పెట్టుకుని, కట్టెల సంగతి మళ్లీ చెప్పించుకున్నారు.

నెల్లూరు దాటాక మాలకొండమ్మ అడిగారు. "జీవానందం, మీ హోటలుకు కల్యాణకట్ట ఎంత దూరం?"

"తలనీలాలిచ్చే చోటా? అదేం లేదమ్మా. మంగలి ఉండాడు. గదికే వచ్చి గెడ్డం గీస్తాడు."

"కొండన కల్యాణకట్ట లేకపోవడమేంది?"

నెల్లూరు జిల్లాలో ఉత్తినే కొండ అంటే తిరుమల. ఇంకే కొండకైనా పేరు చెప్పాలి. పద్మనాభయ్య చెప్పలేదు. "కొండకు పోతుండాం, గది దొరికింది, రగ్గులు సర్దు" అన్నారు. ఆమె సర్దారు. నిరుడు ఆయన టైఫాయిడ్‌తో తెలివి తప్పి పడి ఉన్నప్పుడు, మనిషి దక్కితే ఏడాది తిరక్కుండా తలనీలాలిస్తానని ఆమె మొక్కుకున్నారు. ఆదివారంతో ఏడాది నిండుతుంది.

"హోటలంటే ఏమనుకున్నావే?" అన్నారు పద్మనాభయ్య.

"కొండకు పోయినోళ్లకి అన్నం పెట్టేదనుకున్నా. హోటలంటే ఇంకేంది?"

"కిరస్తానం మనిషి తిరప్తి కొండన పని చేస్తాడా?"

"స్వామికి లేని పట్టింపు నాకెందుకులే అనుకున్నా."

జీవానందం నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "శనివారం సాయంత్రంలోగా చేరకపోతే గది ఇంకొకరికిచ్చేస్తారయ్యా. ఇది సీజను."

"వింటివా? మొక్కు వచ్చే నెల తీర్చుకో."

"ఆదివారం దాటినాక ఇంకేం మొక్కు?"

"పోనీ, తిరిగొచ్చేటప్పుడు మూడు కత్తెర్లు ఇద్దువులే."

"మూడు కత్తెర్లకా నీ ప్రాణం తిరిగొచ్చింది?"

"అబ్బబ్బబ్బ! ఇరవై ఏళ్లు ఆగినానే!"

"ఇంకో ఏడాది ఆగు. ఆ హోటలుకు కాళ్లుండాయా, లేచిపోడానికి?"

తిరుపతికి గూడూరులో రైలు మారాలి. మాలకొండమ్మ మూట తీసుకుని దిగారు. ఆయన తలుపు దగ్గర నిలబడి "ఎక్కవే" అని అరిచారు. ఆమె ప్లాట్‌ఫారం మీద మూట దించి, దాని మీదే కూర్చున్నారు.

"నువ్వు పోయిరాయ్యా. ఆ మంట దగ్గర కూర్చో పో. నేనొక్కదాన్నే పోతా."

"ఒక్కదానివే ఎట్ట పోతావే?"

"రైలెక్కి."

గార్డు జెండా ఊపాడు. పద్మనాభయ్య నెత్తి కొట్టుకుని, చెప్పుల్లేకుండానే దిగారు. కదులుతున్న రైల్లోంచి జీవానందం చెప్పులు, రగ్గుల కట్ట ప్లాట్‌ఫారం మీదికి విసిరాడు.

శుక్రవారం తిరుమలలో మాలకొండమ్మ తలనీలాలు ఇచ్చారు. పద్మనాభయ్య ఇవ్వలేదు. శనివారం సాయంత్రం హోటలువాళ్లు ఆ గదిని మద్రాసు వకీలు ఒకరికి ఇచ్చారు.